కంటి డాక్టరుకు ఆ మాట చెప్పారా?

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి ఆరేళ్లు దాటింది. జుట్టు మళ్లీ ఒత్తుగా పెరిగింది. ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తడం లేదు. అలాంటి ఇల్లాలు ఓ ఉదయం పేపరు చదువుతుంటే అక్షరాలు వంకరగా కనిపిస్తాయి. నొప్పి లేదు, ఎరుపు లేదు. 'వయసు మీద పడుతోంది, అద్దాలు మార్చాలి కాబోలు' అనుకుని కళ్లజోళ్ల షాపుకెళ్తుంది. అద్దాలు మారతాయి. చూపు మాత్రం మారదు. చాలామంది విషయంలో ఆలస్యం మొదలయ్యేది ఇక్కడే.

రొమ్ములో పుట్టిన జబ్బుకు కంటితో ఏం పని? దారి రక్తమే. రెటీనా వెనక కోరాయిడ్ అనే పొర ఉంటుంది. దాని నిండా సన్నని రక్తనాళాలే. రక్తంలో కొట్టుకొచ్చిన క్యాన్సర్ కణాలు అక్కడ తేలిగ్గా ఆగిపోతాయి. విత్తనం ఎక్కడ పడ్డా మొలవదు, అనువైన నేల దొరకాలని బ్రిటిష్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ 1889లోనే చెప్పారు. అందుకాయన పరిశీలించింది రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది వివరాలను. వేరేచోట పుట్టి కంటికి చేరే క్యాన్సర్లలో రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లే ముందుంటాయి. రొమ్ము నుంచి వచ్చినప్పుడు ఒక్కోసారి రెండు కళ్లకూ సోకుతుంది.

కంటి నుంచి మెదడుకు చూపును చేరవేసే నరానికి పాకడం మాత్రం అరుదు. అయితే పాకిందంటే చూపు రోజుల్లోనే పడిపోవచ్చు.

ఇవి గమనించండి

చూపు మసకబారడం, గీతలు వంకరగా కనిపించడం, కళ్ల ముందు చుక్కలు, మెరుపులు, చూపులో ఓ పక్క తెర దించినట్లుండటం, ఎరుపు రంగు వెలిసిపోయినట్లు అనిపించడం. ఒక కన్ను మూసి రెండోదాంతో, మళ్లీ అటు మార్చి చూస్తే తేడా పట్టుబడుతుంది.

అలాగని మసక అనగానే హడలిపోనక్కర్లేదు. శుక్లాలు, షుగరు, కళ్లు పొడిబారడం కారణం కావచ్చు. స్టెరాయిడ్లతో శుక్లాలు త్వరగా రావచ్చు. టామాక్సిఫెన్ మాత్రలు అరుదుగా రెటీనాను ఇబ్బంది పెడతాయి. ఏదన్నది తేల్చాల్సింది డాక్టరే.

చుక్కల మందు వేసి కంటిపాప పెద్దదయ్యాక డాక్టరు లోపలి పొరల్ని చూస్తారు. అవసరమైతే కంటికి స్కానింగ్, కంటి గూటికీ మెదడుకూ ఎమ్మారై చేయిస్తారు. మెదడు పొరలకు పాకిందన్న అనుమానముంటే వెన్ను నుంచి నీరు తీసి పరీక్షిస్తారు. కంట్లో కనిపించిందంటే ఎముకలు, కాలేయం, ఊపిరితిత్తులు కూడా చూడాల్సిందే.

చికిత్స ఉంది. హార్మోన్ మందులు, కీమో, కొత్తరకం మందులు, కంటికి రేడియేషన్... రోగి తీరును బట్టి క్యాన్సర్ డాక్టరు, కంటి డాక్టరు కలిసి నిర్ణయిస్తారు. కోరాయిడ్‌లోనే ఉన్నప్పుడు చాలామందికి చూపు నిలుస్తుంది, కొందరికి మెరుగవుతుంది. నరానికి పాకితే పోయిన చూపు తిరిగి రావడం కష్టం. జబ్బు ముదిరినా ఉన్నన్నాళ్లూ తన పని తాను చేసుకోవడం, మనవడి ముఖం చూసుకోవడం చిన్న విషయాలేం కాదు.

అందుకే ఎన్నేళ్లు గడిచినా సరే, చూపులో తేడా రాగానే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. కూర్చోగానే, ఆయన అడగకముందే చెప్పాల్సిన మాట ఒకటుంది: 'నాకు గతంలో రొమ్ము క్యాన్సర్ వచ్చింది'.