రెండు వైపులా అనగానే యాభై కాదు



బాటనీ, జువాలజీ చదివిన మన హాస్టల్ పిల్లల నోట ఈ రోజుల్లో ఎక్కువగా వినిపిస్తున్న మాట మెడికల్ కోడింగ్. మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి ఏటా కొందరు బెంగళూరుకో, చెన్నైకో, హైదరాబాదుకో బ్యాగు సర్దుకుని పోతున్నారు. ఇంట్లో మొదటి డిగ్రీ పట్టా మనదే. కోర్సు ఫీజు కోసం అమ్మ కమ్మలు కుదువ పెట్టే ఇళ్లు మనవి. అందుకే మా అభిప్రాయం ముందే చెబుతున్నాం: బిట్లు బట్టీ పట్టే చదువు ఈ ఉద్యోగానికి పనికిరాదు. ఉదాహరణకు 50 అనే ఒక్క మాడిఫయర్ చాలు.

అమెరికాలో డాక్టరు చేసే చికిత్సలకు ఐదంకెల సీపీటీ కోడ్‌లుంటాయి. ఒకే ఆపరేషన్‌ను ఒకే విడతలో శరీరానికి రెండు వైపులా చేస్తే కోడ్ పక్కన 50 చేర్చాలి. రెండు మోకీళ్లూ ఒకేసారి మారిస్తే 27447-50. మెడికేర్ అనే అక్కడి ప్రభుత్వ బీమా దీనికి 150 శాతం లెక్కగడుతుంది. ఒక కాలికి 1,000 డాలర్లనుకుంటే రెండింటికీ 1,500. అదే కుడికాలు ఈరోజు, ఎడమకాలు ఆరునెలల తర్వాత చేస్తే 50 రాదు. మొదటిసారి ఆర్‌టీ, రెండోసారి ఎల్‌టీ రాయాలి.

ఇక్కడే చాలామంది 'రెండు వైపులా అంటే 50' అని సూత్రం కట్టుకుంటారు. మన పల్లెల్లో అందరికీ తెలిసిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చూడండి. రెండు ట్యూబులూ కోసినా 58600కు 50 చేర్చకూడదు. ఎందుకంటే 'ఒకవైపైనా, రెండు వైపులైనా' అని ఆ కోడ్ వివరణలోనే ఉంది. మెడికేర్ ఫీజు పట్టికలో దీనికోసమే ఒక సూచిక ఉంది. 1 ఉంటే 150 శాతం నియమం వర్తిస్తుంది. 2 ఉంటే ధరలోనే రెండు వైపులూ కలిసి ఉన్నాయి. 3 ఉంటే ఒక్కో వైపుకూ పూర్తి ధర. ఎక్స్‌రేలు ఎక్కువగా ఇందులోకి వస్తాయి. 0 ఉంటే 150 శాతం నియమం వర్తించదు. 9 ఉంటే ఆ ప్రశ్నే లేదు. పైగా కొన్ని ప్రైవేటు బీమా కంపెనీలు 50 బదులు ఆర్‌టీ, ఎల్‌టీలతో రెండు వరుసలు అడుగుతాయి.

'కంప్యూటరే చూపిస్తుంది కదా, ఇదంతా ఎందుకు?' అని కొందరంటారు. కంప్యూటరు నియమాన్ని చూపగలదు. కానీ డాక్టరు ఏ వైపు చేశాడో ఆపరేషన్ నోట్ చదివితేనే తెలుస్తుంది. కుడి, ఎడమ అంటే రోగివి, చూసేవాడివి కావు. తప్పు రాస్తే బిల్లు తిరిగొస్తుంది, లేదా ఎక్కువ డబ్బు పోతుంది. డాక్టరు ఫీజులో మామూలుగా 20 శాతం మెడికేర్ రోగే కట్టుకోవాలి. మన ముఖం చూడని ఒక ముసలామె జేబుకు మన అంకె చిల్లు పెట్టవచ్చు.

కాబట్టి ఫీజు కట్టేముందు సంస్థవారిని అడగండి: నిజమైన ఆపరేషన్ నోట్స్ చదివిస్తారా? సూచికల పట్టిక చూపిస్తారా? లేక 'ప్లేస్‌మెంట్ గ్యారంటీ' బోర్డు ఒక్కటేనా?

ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు, అక్కలకు మా మనవి: మీ పాత కోడ్ పుస్తకాలు, ఒక అనాటమీ పుస్తకం హాస్టల్ లైబ్రరీకి ఇవ్వండి. సెలవుకు ఊరొచ్చినప్పుడు ఒక ఆదివారం పిల్లల మధ్య కూర్చోండి. వేల రూపాయలు పోసి కొనుక్కునే చదువులో సగమైనా మన వరండాలోనే దొరుకుతుంది.

అంకె రాయడం ఎవరైనా నేర్పుతారు. ఎందుకు రాస్తున్నామో తెలుసుకుని రాద్దాం.