పాత పుస్తకమా, దొంగ కాపీయా: రచయితకు ఏది ఎక్కువ నష్టం?



మన మౌలాలి హాస్టల్లోకి కొత్త పుస్తకం రావడం అరుదు. కోఠిలో సగం ధరకు కొన్నది, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడి తెచ్చింది, సీనియర్ అన్న గది ఖాళీ చేస్తూ ఇచ్చి వెళ్లింది: ఇవే మన చదువుకు ఆధారం. ఇప్పుడు వీటి పక్కన సెల్‌ఫోన్లో వచ్చిపడే పీడీఎఫ్‌లు చేరాయి. రెండింటిలోనూ రచయితకు పైసా ముట్టదు కదా, తేడా ఏమిటని కొందరు తమ్ముళ్లు అడుగుతున్నారు. తేడా ఉంది, చాలా ఉంది అని మా అభిప్రాయం.

ఈ తగాదా వీడియో గేముల వ్యాపారంలోనూ ఉంది. ఆడేసిన డిస్కును తిరిగి అమ్మితే లాభం దుకాణదారుకే గాని గేము తయారుచేసినవారికి రాదని కంపెనీల ఫిర్యాదు. 2013లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌బాక్స్ వన్‌లో పాత డిస్కులపై ఆంక్షలు ప్రకటించి, జనం మండిపడేసరికి కొద్ది వారాల్లోనే వెనక్కి తగ్గింది.

మన చట్టం ఏమంటోంది? 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం పుస్తకం ప్రతులను జనంలోకి విడుదల చేసే హక్కు హక్కుదారుదే. అయితే అప్పటికే చలామణిలో ఉన్న ప్రతులకు అది వర్తించదు. కనుక కొన్న పుస్తకాన్ని మనం అమ్ముకోవచ్చు, ఇచ్చేయవచ్చు. దొంగచాటుగా అచ్చువేసి అమ్మితే మాత్రం 63వ సెక్షన్ కింద జైలు, జరిమానా ఉన్నాయి.

చట్టం అలా ఉంచి లెక్క చూద్దాం. పాత పుస్తకం నలుగురి చేతులు మారినా అది ఒక్కటే. ఒకరి దగ్గరుంటే ఇంకొకరి దగ్గర ఉండదు. మొదట కొన్నవాడు పూర్తి ధర కట్టాడు. తర్వాత 300 తిరిగి వస్తాయన్న ధైర్యంతోనే 600 రూపాయల పుస్తకం కొంటాడు, ఆ డబ్బు మరో పుస్తకానికి పెడతాడు. దొంగ పీడీఎఫ్ సంగతి అది కాదు. ఒకడు స్కాన్ చేస్తే తెల్లారేసరికి వేలమందికి చేరుతుంది. తెలుగులో సొంత ఖర్చుతో వెయ్యి కాపీలు వేసుకుని, అవి అమ్మడానికి ఏళ్లు పట్టే రచయితలున్నారు. వందమంది కొనడం మానేసినా వారికి రెండో ముద్రణ ఉండదు.

డబ్బు లేనివాడు ఎలాగూ కొనడు, కనుక ప్రతి దొంగ కాపీ ఒక అమ్మకం పోయినట్టు కాదంటారు. నిజమే. కానీ పీడీఎఫ్ పంపేవాడు ఎవరి జేబులో డబ్బుందో చూసి పంపడు. కొనగలిగినవాడికీ అదే అందుతుంది.

అలాగని ప్రతి జిరాక్సూ దొంగతనం కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని ఒక జిరాక్స్ దుకాణంపై ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వంటి పెద్ద ప్రచురణ సంస్థలు 2012లో కోర్టుకెక్కాయి. బోధన కోసం నకళ్లు తీయడాన్ని చట్టం అనుమతిస్తుందని 2016లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. 2017లో ఆ సంస్థలు కేసు వదులుకున్నాయి. పాఠానికి కావలసిన అధ్యాయం నకలు తీసుకోవడం వేరు, పుస్తకం మొత్తాన్ని ఊరంతా పంచడం వేరు.

మా భయం మరొకటుంది. ఇప్పుడు డౌన్‌లోడ్ చేసి కొన్న గేమును తిరిగి అమ్ముకోలేం. కిండిల్‌లో కొన్న పుస్తకాన్ని జూనియర్‌కు ఇచ్చి వెళ్లలేం. పాత సరుకు బజారు మూతపడితే పేదవాడికి మిగిలేవి రెండే దారులు: చదవకపోవడం, దొంగ కాపీ చదవడం. పాత పుస్తకాన్ని శత్రువుగా చూసే కంపెనీలు తమ చేతులతోనే దొంగ కాపీని పెంచుతున్నాయి.

కాబట్టి మా విన్నపం. హాస్టల్ విడిచి వెళ్లే ప్రతి విద్యార్థి కనీసం రెండు పుస్తకాలు ఇక్కడ వదిలి వెళ్లాలి. వాటికి వార్డెన్ గారు ఒక బీరువా ఇప్పించాలి. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు ఏడాదికొక కొత్త పుస్తకం కొని పంపాలి. కొన్న ఆ ఒక్క ప్రతి పదిమంది తమ్ముళ్లకు అందుతుంది, రచయితకూ అన్యాయం జరగదు.

మనలో చాలామందిమి మన ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం. రేపు మనలోంచే ఎవరో ఒకరు తమ వాడ గురించి, తమ అమ్మానాన్నల కష్టం గురించి పుస్తకం రాస్తారు. ఆ పుస్తకం నాలుగు రాళ్లు తేవాలంటే ఈరోజు ఇతరుల పుస్తకాన్ని మనం గౌరవించాలి.