విశ్రాంతి దినం ఎవరిది?

2025లో మన దేశంలో పనిగంటల గురించి మాట్లాడుకున్నంతగా ఈమధ్య కాలంలో మరెప్పుడూ మాట్లాడుకోలేదేమో. ఆ ఏడాది జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ మాట్లాడిన వీడియో ఒకటి బయటికొచ్చింది. ఉద్యోగుల చేత ఆదివారాలు కూడా పనిచేయించలేకపోతున్నందుకు ఆయన అందులో విచారపడ్డారు. వారానికి 90 గంటల మాట అక్కడిదే. అంతకుముందు 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచడానికి ఆమోదం తెలిపింది. జూలై 5న తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటల వరకు అనుమతినిచ్చింది, వారం మొత్తంలో 48 దాటకూడదన్న షరతుతో. నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు దేశమంతటా అమల్లోకి వచ్చాయి.

ఈ సంగతులన్నీ మా సంఘంలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఆవరణలోని వేపచెట్టు కింద చర్చకొచ్చాయి. చాలా వేడిగానే మాట్లాడుకున్నాం. ఇంటికి వెళ్లాక నాకొక విషయం తట్టింది. ఆ చెట్టు కింద నిలబడినవాళ్లమంతా ఆదివారం సెలవున్నవాళ్లమే. సెలవు లేనివాళ్లు డ్యూటీలో ఉన్నారు.

ముందు లెక్క చూద్దాం. ఓవర్‌టైమ్ మూడు నెలల్లో 144 గంటల దాకా ఉండవచ్చు. మూడు నెలలంటే 13 వారాలు, వారానికి 11 గంటలు. 48కి 11 కలిపితే 59. ఆరు రోజులకు పంచితే రోజుకు దాదాపు 10 గంటలు. హైదరాబాదులో ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రానూపోనూ పట్టే సమయాన్ని కూడా దీనికి కలుపుకోవాలి. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనమివ్వాలని చట్టం చెబుతోంది, మంచిదే. వారంలో ఆరు రోజులకు మించి పనిచేయించకూడదన్న నియమమూ ఉంది. అయితే ఆ ఏడో రోజు ఆదివారమే కానక్కర్లేదు. ఒకరికి మంగళవారం, ఇంకొకరికి గురువారం, షిఫ్టులు మారేవారికి వారానికొక రోజు. భర్తకు ఆఫ్ ఉన్నరోజు భార్యకు డ్యూటీ. ఇద్దరికీ ఆఫ్ దొరికిన రోజు పిల్లలకు పరీక్ష.

నేను పాతికేళ్ల కిందట బొగ్గు గనుల ప్రాంతంలో ఒక సంఘానికి కాపరిగా ఉన్నాను. అక్కడ ఊరికి గడియారం సైరనే. ఉదయం 7కి ఫస్ట్ షిఫ్ట్, మధ్యాహ్నం 3కి సెకండ్ షిఫ్ట్, రాత్రి 11కి నైట్ షిఫ్ట్. ఆదివారం డ్యూటీకి పిలుపొస్తే దాన్ని 'ప్లే డే' అంటారు. ఆటల రోజని కాదు, ఆ రోజు చేస్తే రెట్టింపు వేతనం. ఒక ఆదివారం నేను నాలుగో ఆజ్ఞ మీద ప్రసంగిస్తూ, రెట్టింపు జీతానికి ఆశపడి ప్రభువు దినాన్ని అమ్ముకునేవారున్నారని అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పనక్కరలేకుండానే అందరి కళ్లూ ఒకరి భార్య వైపు తిరిగాయి.

ఆ సోదరుడు మంగళవారం సాయంత్రం మా ఇంటికొచ్చాడు. కోపంతో కాదు. "అయ్యగారూ, ఆదివారం నాక్కూడా కావాలె. సెకండ్ షిఫ్ట్ పోతే రాత్రి పదకొండు దాటినంక వస్త. పిల్ల నిద్రపోతది. పొద్దుగాల నేను లేసేసరికి బడికి పోతది. ఆరు రోజులు పిల్లను నిద్రలనే చూస్తున్న. ప్లే డే ఎందుకు పోతున్ననో మీరొక్కసారి అడిగుంటే చెప్తుంటి" అన్నాడు. చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు తీరుస్తున్నాడట. నేను అడగలేదు. సెమినరీలో ఐదేళ్లు హెబ్రీ, గ్రీకు చదివినవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్న అడగడం నేర్చుకోలేదు.

ఆ తర్వాత నాలుగో ఆజ్ఞను మళ్లీ చదివాను. అందులో 'నువ్వు' అనే మాటతో పాటు ఎవరెవరున్నారో చూడండి. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువు, ఇంట్లో ఉన్న పరదేశి. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో దీనికి ఒక కారణం కూడా ఉంది. ఐగుప్తులో నువ్వూ బానిసవే, అది జ్ఞాపకముంచుకో అన్నది దాని భావం. నిర్గమకాండం 23:12 మరో అడుగు ముందుకు వేసి దాసి కొడుకును, పరదేశిని ప్రత్యేకంగా పేర్కొంటుంది. వాళ్లు సేదదీరాలని చెప్పడానికి అక్కడ వాడిన హెబ్రీ క్రియ ఊపిరి, ప్రాణం అన్న అర్థాలున్న మాటకు సంబంధించినది. అంటే ఊపిరి పీల్చుకోవడం. కాబట్టి ఈ ఆజ్ఞ మొదట వినాల్సింది పని చేసేవాడు కాదు, పని చేయించేవాడు. నేను దాన్ని తీసుకెళ్లి గనిలో దిగే మనిషి నెత్తిన పెట్టాను.

సెలవడిగినవాణ్ణి సోమరి అనడం కూడా కొత్తదేమీ కాదు. ఆరాధించడానికి మూడు రోజులు వెళ్లనివ్వమని ఇశ్రాయేలీయులు అడిగితే ఫరో అన్నదదే (నిర్గమకాండం 5వ అధ్యాయం). గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. ఇప్పటి 'టార్గెట్' అనే మాట వింటే నాకు ఆ ఇటుకలే గుర్తొస్తాయి.

అలాగని షిఫ్టులే తప్పని నేననను. ఆసుపత్రి, రైలు, కరెంటు ఆదివారం ఆగవు. బైబిలులోనే షిఫ్టులున్నాయి. దావీదు యాజకుల్ని 24 వంతులుగా విభజించాడు. ద్వారపాలకులు ఏడు రోజులకొకసారి ఊళ్ల నుంచి వచ్చి వంతు తీసుకునేవారు (1 దినవృత్తాంతములు 9:25). 134వ కీర్తన రాత్రివేళ మందిరంలో నిలిచి సేవచేసేవారిని ఉద్దేశించినది, అంటే నైట్ షిఫ్టువారి కీర్తన. బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా తన వంతు ముగిశాక ఇంటికి వెళ్లాడని లూకా ప్రత్యేకంగా రాశాడు (1:23). విశ్రాంతి దినాన పనిచేసే యాజకులు నిర్దోషులని ప్రభువే చెప్పారు (మత్తయి 12:5). అవసరం వేరు, సౌకర్యం వేరు. ఐసీయూలో నర్సు ఆదివారం నిలబడడం అవసరం. ఆరాధన నుంచి ఇంటికి చేరేలోపు బిర్యానీ గుమ్మం ముందుకు రావాలనుకోవడం సౌకర్యం. ఆ బిర్యానీ తెచ్చే కుర్రాడు ఏ సంఘం వాడో మనం ఎప్పుడైనా అడిగామా?

ఆదివారం సెలవు క్రైస్తవ పాలకులు మనకిచ్చిన బహుమానమని మనలో చాలామంది అనుకుంటారు. బొంబాయి మిల్లు కార్మికులకు అది ఊరికే రాలేదు. జ్యోతిరావు ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1884 నుంచి దానికోసం పోరాడారు. మిల్లు యజమానులు దిగివచ్చి ఒప్పుకున్నది 1890 జూన్ 10న. మరుసటి ఏడాది ఫ్యాక్టరీ చట్టంలో వారాంతపు సెలవు చేరింది. లోఖండే క్రైస్తవుడు కాదు. మోషే ఆజ్ఞలోని దాసుడికి ఊపిరి తీసుకునే రోజు సంపాదించిపెట్టింది ఆయన. మనం ఆ రోజున గుడికి వెళ్తున్నాం.

ఆదిమ సంఘానికి ఆ రోజు కూడా లేదు. క్రీ.శ. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమా అధికారి ట్రాజన్ చక్రవర్తికి రాసిన లేఖలో, క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారని, తర్వాత మళ్లీ కలిసి భోజనం చేస్తారని తెలిపాడు. మధ్యలో ఏంచేసేవారంటే, చాలామంది పనికి పోయేవారు. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా చేస్తూ కాన్‌స్టాంటైన్ శాసనం చేసింది 321లో, అదీ పట్టణాలవారికి. రైతులకు మినహాయింపు. కొరింథులో ముందొచ్చినవాళ్లు తినేసేవారు, ఆలస్యంగా వచ్చిన పేదలు ఆకలితో ఉండేవారు. ఒకరికోసం ఒకరు ఆగమని పౌలు గట్టిగా చెప్పాల్సి వచ్చింది (1 కొరింథీయులకు 11వ అధ్యాయం). త్రోయలో ఐతుకు అనే కుర్రాడు అర్ధరాత్రి ప్రసంగంలో నిద్రపోయి కిటికీలోంచి పడ్డాడు. పగలంతా ఏం పనిచేసి వచ్చాడో లేఖనం చెప్పదు. పౌలు కిందికి వెళ్లి అతన్ని కౌగిలించుకున్నాడు. నిద్రపోయినందుకు ఒక్క మాట కూడా అన్నట్టు లేదు.

ఇవన్నీ చదివాక గనుల సంఘంలో మేము ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు ఇంకో ఆరాధన మొదలుపెట్టాం. ఫస్ట్ షిఫ్ట్ దిగినవాళ్లు స్నానం చేసి రావచ్చు, నైట్ షిఫ్ట్ వాళ్లు నిద్రలేచి రావచ్చు. మొదటి వారం ఏడుగురు. సెకండ్ షిఫ్ట్ వాళ్లకు ఇది కుదరదని వాళ్లకోసం బుధవారం పొద్దున ఇంకొకటి పెట్టాం. పెద్దల్లో ఇద్దరు ఒప్పుకోలేదు. బుధవారం నాడు ప్రభుబల్ల ఏమిటన్నారు. ఆ వాదన నేను అక్కడున్నన్నాళ్లూ తెగలేదు. కువైట్‌లో మన తెలుగు సంఘాలు సెలవు దినమైన శుక్రవారం ఆరాధించుకుంటాయి. వాళ్ల ఆరాధనను ఎవరైనా తక్కువంటారా అని అడిగితే, అది పరదేశం కదా అన్నారు. షిఫ్టులో ఉన్నవాడికి సొంత ఊరూ పరదేశమే అని అప్పుడు నాకు నోటికి రాలేదు.

ఇక ఇల్లు. నైట్ షిఫ్ట్ వారంలో గని క్వార్టర్లలో కుక్కర్ కూత వినిపించేది కాదు. ఇల్లాలు పొయ్యి దగ్గరే నిలబడి, కూత రాబోతుంటే దించేసేది. చిన్నపిల్లల్ని పక్కింటికి పంపేది, వరండాలో కూర్చుని చప్పుడు కాకుండా కూరగాయలు తరిగేది. ఫస్ట్ షిఫ్ట్ వారంలో తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి క్యారియర్ కట్టేది. ఆయన షిఫ్టు మారినప్పుడల్లా ఆమె నిద్ర కూడా మారింది. ఆయన పేరు మస్టర్‌లో ఉంది, ఆమెది ఎక్కడా లేదు. రాత్రిపూట పని శరీరానికి చేసే హాని సంగతి చూస్తే, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో దాన్ని బహుశా క్యాన్సర్‌కు దారితీయగల వాటిలో చేర్చి, 2019లో మళ్లీ అదే నిర్ధారించింది. ఇంటి మనిషి నిద్ర గురించి లెక్క కట్టినవాళ్లు తక్కువ.

ఇప్పుడు మా నగర సంఘంలో ఇది తలకిందులైంది. ఎక్కువగా స్త్రీలే నైట్ డ్యూటీలో ఉన్నారు, నర్సులు, కాల్ సెంటర్ అమ్మాయిలు. స్త్రీల సమ్మతి ఉంటే సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6కి ముందు పనిచేయించవచ్చని కొత్త కోడ్ చెబుతోంది. సమ్మతి కాగితం మీద సంతకం పెట్టకపోతే ఉద్యోగం దక్కుతుందా అన్నది ఆ అమ్మాయిలే చెప్పాలి. ఉదయం క్యాబ్ దిగి ఇంటికొచ్చిన నర్సు వంటింట్లోకే వెళ్తోంది. గనిలో పనిచేసిన భర్త నిద్ర కోసం ఇల్లంతా మౌనం పాటించింది. నర్సు భార్య కోసం ఎన్ని ఇళ్లు అలా చేస్తున్నాయి? దంపతులు కౌన్సెలింగ్‌కు వచ్చినప్పుడు నేనీమధ్య మొదట అడిగేది ఇద్దరి డ్యూటీ చార్టులే. సగం తగాదాలు వాటిలోనే కనిపిస్తాయి. ఒక జంటకు నెలలో ఇద్దరూ కలిసి మెలకువగా ఉండే రోజులు లెక్కపెడితే మూడు తేలాయి. ఆ మూడింటిలో ఒకరోజు క్వయర్ ప్రాక్టీసు, ఒకరోజు ఉపవాస ప్రార్థన ఉన్నాయి, మేం పెట్టినవే. శిష్యులకు తినడానికైనా తీరిక లేకపోతే ప్రభువు వాళ్లను ఏకాంతంగా వచ్చి కాసేపు అలసట తీర్చుకోమన్నారు (మార్కు 6:31). మేమైతే ఆ తీరికలో ఇంకో మీటింగు పెట్టేవాళ్లం. ఆ నెల ఆ ఇద్దర్నీ క్వయర్‌కు రావద్దన్నాను. ఆల్టో పాడేవాళ్లు తగ్గారని క్వయర్ మాస్టారు రెండు వారాలు నాతో ముభావంగా ఉన్నారు.

ఇంతా రాసి ఒకటి దాచడం న్యాయం కాదు. వేపచెట్టు కింద మేం లేబర్ కోడ్‌ల గురించి వాదించుకున్న రోజున గేటు దగ్గర మా గుడి కావలివాడు స్టూలు మీద కూర్చుని వింటున్నాడు. తొమ్మిదేళ్లుగా రాత్రి కాపలా ఆయనదే, పొద్దున గంట కొట్టేదీ ఆయనే. అందరూ వెళ్లాక దగ్గరికొచ్చి, "అయ్యగారూ, ఆ చట్టం మాకూ వర్తిస్తదా?" అని అడిగాడు. వారంలో నీకు ఆఫ్ ఏ రోజు అని నేనడిగాను. నవ్వాడు. కమిటీ రికార్డు తీసి చూస్తే జీతం పెంచిన తీర్మానాలు రెండున్నాయి, సెలవు మాట ఒక్కచోట కూడా లేదు. ఆ తొమ్మిదేళ్లలో నేను విశ్రాంతి దినం మీద ఎన్ని ప్రసంగాలు చేశానో ఆయనకు బాగా తెలుసు. మైకు ఆన్ చేసేది కూడా ఆయనే.

తర్వాతి కమిటీలో విషయం పెట్టాం. డబ్బు లేదన్నారు, ఇంకో మనిషిని పెట్టలేమన్నారు. చివరికి మంగళవారం ఆయనకు జీతంతో కూడిన సెలవు, ఆ రాత్రి కాపలా కమిటీ సభ్యులే వంతులవారీగా అని తీర్మానమైంది. పదకొండుమందిమి, నాతో కలిపి. మొదటి మంగళవారం ఆయన భార్యతో కలిసి సొంతూరికి వెళ్లొచ్చాడు. నా వంతు వచ్చే వారం. దుప్పటి, టార్చి తెచ్చుకొమ్మని, తెల్లవారుజామున మూడింటికి కుక్కలు ఎక్కువని ఆయనే చెప్పాడు.