మహేందర్ చావ్లా కేసు అని రాస్తాం సరే, ఆ చావ్లా ఎవరు?

మన నోట్సులన్నింట్లో ఈ లైన్ ఉంటుంది: మహేందర్ చావ్లా కేసు, 2018, సాక్షుల రక్షణ పథకం, ఆర్టికల్ 141, 142. జీఎస్-2లో రాస్తాం, మార్కులు పడతాయి. ఆ చావ్లా ఎవరో ఎప్పుడైనా చూశారా?

ఆసారాం బాపు కొడుకు నారాయణ్ సాయి దగ్గర సహాయకుడిగా చేసి బయటికొచ్చిన మనిషి. ఆ తండ్రీకొడుకుల కేసుల్లో సాక్షి. 2015 మేలో పానిపట్ జిల్లాలో ఇంటికొచ్చి మరీ కాల్చారు. బతికాడు. ఆశ్రమంలో వైద్యుడిగా చేసినాయన్ని 2014లో రాజ్‌కోట్‌లో, వంట చేసినాయన్ని 2015 జనవరిలో ముజఫర్‌నగర్‌లో కాల్చారు. వాళ్లిద్దరూ బతకలేదు.

ఈ టాపిక్ వస్తే చాలు, మనవాళ్లు అనే మాట ఒకటుంది: "అన్నేళ్లు కాళ్లు మొక్కి ఇప్పుడు మాట్లాడతారేంటి?" వింటే ఒళ్లు మండుతుంది. గోడ లోపల జరిగింది లోపలున్నవాడు కాక ఇంకెవరు చెప్తారు? జోధ్‌పూర్ కేసులో ఫిర్యాదు చేసిన బాలిక కుటుంబమూ భక్తులే. నమ్మకంతోనే ఆశ్రమ గురుకులంలో చేర్పించారు. బయటివాడు చెబితే "నీకేం తెలుసు" అంటాం, లోపలివాడు చెబితే "ఇన్నాళ్లూ ఎందుకున్నావ్" అంటాం. ఇక నోరు విప్పేదెవరు?

కక్షతో అబద్ధాలు చెప్పేవాళ్లు ఉండరా అంటే, ఉంటారు. క్రాస్ ఎగ్జామినేషన్ ఉన్నది అందుకే. కానీ బోనెక్కేదాకా సాక్షి ప్రాణాలతో ఉండాలి కదా!

సరే, పథకంలోకి వద్దాం. ముప్పు ఎంతుందో నివేదిక రాసేది స్థానిక పోలీసు అధికారి. రక్షణ ఇవ్వాలా వద్దా తేల్చేది జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ. ఒక్కో ఉత్తర్వు మూడు నెలలకు మించదు. జోధ్‌పూర్ కేసులో ఫిర్యాదు 2013 ఆగస్టులో, ప్రత్యేక కోర్టు తీర్పు 2018 ఏప్రిల్ 25న. మనిషి ఎన్నిసార్లు ఆ కమిటీ గుమ్మం ఎక్కాలో లెక్కేయండి. (ప్రిలిమ్స్ పిచ్చోళ్ల కోసం: చావ్లా తీర్పు ధర్మాసనంలో జస్టిస్ సిక్రీతో పాటున్న జస్టిస్ అబ్దుల్ నజీర్ తర్వాత ఏపీ గవర్నర్‌గా వచ్చారు.)

ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 398 ప్రకారం ప్రతి రాష్ట్రమూ పథకాన్ని నోటిఫై చేయాలి. మెయిన్స్‌లో దీన్ని రాసి "ముందడుగు" అని వదిలేయకండి. నోటిఫై చేయడానికి గెజిట్ కాగితం చాలు. ఊరూ పనీ వదిలి దాక్కున్న సాక్షి ఇల్లు గడవాలంటే మాత్రం డబ్బు కావాలి. దానికోసం పథకంలోనే సాక్షుల రక్షణ నిధి ఉంది. అందులో ఏటా ఎంత వేస్తున్నారు, ఎంత ఖర్చు పెడుతున్నారు అని మీ ఆన్సర్‌లో అడగండి.