అట్టముక్కా, గుప్పెడు చింతపిక్కలూ

సెలవులలో పిల్లల చేతినుండి సెల్‌ఫోన్‌ను తప్పించటమెలాగని తల్లిదండ్రులు తరచూ అడుగుతుంటారు. తప్పించి ఏమివ్వాలని అడిగేవారు తక్కువ. సోదరీ సోదరులారా, పది పన్నెండేళ్ళ పిల్లలకు ఒక అట్టముక్క, కత్తెర, గుప్పెడు చింతపిక్కలు ఇచ్చి, ఇంతవరకూ లేని ఒక ఆటను కల్పించమని చెప్పి చూడండి.

మొదటి పూట వారు పాములూ నిచ్చెనలకే పేర్లు మార్చి తెస్తారు. తేనివ్వండి. అసలు విద్య ఆ తరువాత మొదలవుతుంది.

ఉదాహరణకు, ఒక పిల్లవాడు ఇలా కల్పించాడనుకోండి. ఇరవై ఒక్క పిక్కలు కుప్పగా పోయాలి. ఇద్దరు ఆటగాళ్ళు వంతులవారీగా ఒకటి గాని, రెండు గాని, మూడు గాని తీయాలి. చివరి పిక్క తీసినవారిది గెలుపు. వినటానికి చక్కగానే ఉన్నది. పదిసార్లు ఆడేసరికి ఇంట్లో చురుకైన ఆపా ఎవరో రహస్యం పసిగడుతుంది. మొదట తానే ఒక పిక్క తీసి ఇరవై మిగులుస్తుంది. ఆపైన తమ్ముడు ఒకటి తీస్తే తాను మూడు, రెండు తీస్తే రెండు, మూడు తీస్తే ఒకటి. ప్రతిసారీ ఇద్దరూ కలిసి తీసినవి నాలుగు. ఇక మొదట ఆడేవారికి ఓటమి లేదు. ఆట అక్కడితో చచ్చినట్లే.

కల్పించినవాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఆ క్షణంలో పెద్దలు ఏమంటారన్నది ముఖ్యం. “బాగుంది బేటా” అని బుజ్జగించటం నాకు నచ్చదు. “దీనిని ఎలా బాగుచేద్దాం?” అని అడగాలి. ఎదుటివారు ఇప్పుడే తీసినన్ని మళ్ళీ తీయరాదని అతడు కొత్త నియమం పెట్టవచ్చు. రెండుకు రెండు తీసే దారి మూసుకుపోయింది గనుక ఆపా పాత లెక్క ఇక సాగదు. అయితే ఒకే పిక్క మిగిలి, ఎదుటివారు అంతకుముందు ఒకటే తీసి ఉంటే? ఆడవలసినవారికి తీసే వీలే లేదు! దానికీ ఒక నియమం వ్రాయాలి. ఒక రంధ్రం పూడిస్తే మరొకటి కనిపిస్తుంది. అందుకే ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే, ఆటను బాగుచేసినదేదో, చెడగొట్టినదేదో తెలియదు.

పాచికల ప్రస్తావన వస్తుందని ఎరుగుదును. నర్ద్ ఆటపై హదీసులలో వచ్చిన హెచ్చరికను బట్టి పెక్కుమంది ఉలమా వాటిని కూడదన్నారు. పై ఆటలో పాచిక లేదు, పందెమూ లేదు. అయినా బుర్రకు పని తక్కువేమీ కాలేదు.

జర్మనీలో క్లాస్ టాయిబర్ అనే ఆయన కృత్రిమ దంతాలు తయారుచేసే వృత్తిలో ఉండేవాడు. పని ముగిశాక ఇంటి నేలమాళిగలో ఆటలు కల్పించి, భార్యాబిడ్డలచేత ఆడించి, మార్చి, మళ్ళీ ఆడించేవాడు. అలా ఏళ్ళ తరబడి దిద్దిన ‘కటాన్’ 1995లో వెలువడి దేశదేశాలకూ వ్యాపించింది. పరీక్షించినది ఇంటివారే సుమా!

ఇంకొక కఠినమైన పరీక్ష ఉన్నది. నియమాలను కాగితంపై వ్రాసి, ఆ ఆట తెలియనివారి చేతికిచ్చి, కల్పించినవాడు నోరు మెదపకుండా కూర్చోవాలి. “ఈ గడిలో పడితే వంతు పోతుంది” అని వ్రాస్తాడు. ఇప్పటి వంతు ముగిసిందని ఒకరు, రాబోయే వంతు పోయిందని మరొకరు అర్థం చేసుకుంటారు. తప్పు చదివినవారిది కాదు, వాక్యానిది. ఇంత చక్కటి వ్యాకరణ పాఠం తరగతి గదిలో చెప్పటం కష్టం.

ఒక నోటుపుస్తకం పెట్టించండి. తేదీ, గెలిచినవారి పేరు, పట్టిన నిమిషాలు, ఎవరు ఎక్కడ ఆవులించారో అందులో వ్రాయాలి. పరీక్ష సాగుతుండగా పిల్లవాని ముఖం చూసి కావాలని ఓడిపోకండి. ఆ పుస్తకంలో అబద్ధం చేరుతుంది. మొదటిసారి ఆడటానికి ఇంటిల్లిపాదీ చాపమీదికి వస్తారు. నాలుగవ దిద్దుబాటు తరువాత పిల్లవాడు మళ్ళీ పిలిచినపుడు, అబ్బా కూడా లేచి రావాలి.