స్పీకర్లకీ చోటు కావాలి

బదిలీ మీద కొత్త క్వార్టర్‌లో దిగగానే మన ఇళ్ళల్లో ముందు మంచాలకి, బీరువాకి, ఫ్రిజ్‌కి చోటు చూస్తారు. స్పీకర్లు మాత్రం ఒకటి బీరువా మీద, ఇంకొకటి తలుపు వెనక. ఆ తర్వాత "సెట్టు పాతబడిపోయింది" అంటారు. ఇది అన్యాయమని మా అభిప్రాయం. మేమంటే అక్కా, నేనూ.

షిల్లాంగ్‌లో మా ఇంటికి చెక్క నేల. అక్కడ అమ్మ ఘంటసాల పాటలు పెడితే ఎదురుగా కూర్చుని పాడినట్టుండేది. జోధ్‌పూర్ వచ్చాక అదే సెట్టు, అవే క్యాసెట్లు, కానీ గొంతు గది నిండా చెదిరిపోయేది. నాన్న అమ్మేద్దామన్నారు. అమ్మ ఏమీ అనలేదు, పాటలు పెట్టడం మానేసింది. వీధిలో తెలుగు వినపడని ఊళ్ళో అవి కూడా లేకపోతే ఎలా?

ఒక ఆదివారం అడిగి పని మొదలుపెట్టాం. ఇక్కడ నేల రాయి, గోడలు రాయి. శబ్దాన్ని పీల్చుకునేది ఏదీ లేక అది తిరిగి తిరిగి కొడుతుంది. అందుకని జంపఖానా పరిచాం, మందం కర్టెన్లు వేశాం. మూలలో పెడితే లావు శబ్దాలు గోడలకి తగిలి ఉబ్బుతాయి కాబట్టి స్పీకర్లని గోడకి రెండడుగుల ముందుకి తెచ్చి, వంటింటి స్టూళ్ళ మీద చెవి ఎత్తున పెట్టాం. సామాను కట్టిన పురికొసతో కొలిచి, రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, అమ్మ కుర్చీకి ఒక్కోదాని నుంచీ అంతే ఉండేట్టు చూశాం.

అయినా గొంతు మధ్యకి రాలేదు! ఆ పాత పాటలు చాలావరకు మోనో. రెండు స్పీకర్ల నుంచీ ఒకే శబ్దం వస్తుంది కనుక గొంతు సరిగ్గా నడుమ నిలవాలి. వెనక చూస్తే ఒకదానికి ఎర్ర వైరు నల్లదాని చోట ఉంది. ఒక స్పీకరు ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోందన్నమాట. సామాను విప్పిన రోజు ఆ వైర్లు పెట్టింది నేనే, ఒప్పుకుంటున్నాను. మార్చగానే ఘంటసాల నడుమకి వచ్చేశారు.

లోపలి కాగితం చిరిగితే రిపేరు చేయించక తప్పదు, అది వేరే సంగతి. కానీ మీ ఇంట్లో ఎవరైనా సెట్టు అమ్మేద్దామంటే ముందు ఒక్క పూట గడువు అడగండి. ఖర్చు పురికొస పాటిది కూడా కాదు.

నాన్న ఇప్పుడు అమ్మకం మాట ఎత్తడం లేదు. అమ్మ మాత్రం స్టూళ్ళు తిరిగి ఇమ్మంటోంది. మేమింకా ఇవ్వలేదు.