నర్సుకు సొంత బీమా అవసరమా?



ఆసుపత్రిలో మీ నరంలోకి మందు ఎక్కించేది చాలాసార్లు వైద్యుడు కాదు, నర్సు. ఆ చేతిలో పొరపాటు జరిగితే జవాబుదారీ ఎవరు? వైద్యులలో అనేకులు వృత్తి బాధ్యతా బీమా తీసుకుంటున్నారు. నర్సులకూ అది విడిగా ఉండాలా? ఉండాలనే నా అభిప్రాయం. అయితే దాని ప్రీమియం వారి స్వల్ప జీతంలో నుండి పోరాదు.

అక్కరలేదనేవారి వాదనలోనూ బలమున్నది. ఉద్యోగి తప్పుకు యజమాని బాధ్యుడన్నది స్థిరపడిన న్యాయసూత్రం. టైఫాయిడ్‌తో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరిన బిడ్డకు నర్సు నరంలోకి ఇచ్చిన క్లోరోక్విన్ ఇంజెక్షన్‌తో గుండె ఆగి, మెదడు శాశ్వతంగా దెబ్బతిన్నది. ఆ కేసులో 1998లో సుప్రీంకోర్టు నర్సు నిర్లక్ష్యాన్ని గుర్తించింది. ఇంజెక్షన్ స్వయంగా ఇవ్వక ఆమెకు అప్పగించిన వైద్యుణ్ణీ తప్పుపట్టింది. బిడ్డకు 12.5 లక్షలు, తల్లిదండ్రులకు 5 లక్షల రూపాయల పరిహారానికి ఆసుపత్రి బాధ్యత వహించవలసిందేనన్నది.

కాని పరిహారం ఒక్కటే సమస్య కాదు. ఆసుపత్రి న్యాయవాది కాపాడేది ఆసుపత్రిని. యాజమాన్యం "తప్పు ఆమెదే" అన్న క్షణాన ఆమె తరఫున మాట్లాడేవారెవరు? ఇళ్లకు వెళ్లి స్వతంత్రంగా సేవచేసే నర్సుకు ఆ యజమాని అండ కూడా లేదు.

క్రిమినల్ చట్టం మరింత కఠినం. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారం, నిర్లక్ష్యం వలన మరణం సంభవిస్తే 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చు. వైద్యప్రక్రియ జరుపుతున్న రిజిస్టర్డ్ వైద్యునికి ఆ గరిష్ఠ పరిమితి 2 సంవత్సరాలే. ఆ నిర్వచనంలో నర్సు లేదు. ఒకే పడక వద్ద నిలిచిన ఇద్దరికి రెండు కొలతలు!

బీమా శిక్షను తప్పించదు. న్యాయవాది ఖర్చును భరించే పాలసీ అయితే, తన మాట చెప్పుకునే అవకాశాన్ని మాత్రం ఇస్తుంది. కనుక ఆసుపత్రులే ప్రీమియం చెల్లించి, పాలసీలో నర్సుల పేర్లు చేర్చి, ప్రతి ఒక్కరికీ నకలు ఇవ్వాలి. సోదరీమణులారా, ఉద్యోగంలో చేరేముందే ఆ నకలు అడగండి. స్వతంత్రంగా పనిచేసేవారు న్యాయఖర్చుల షరతు చదివి సొంతంగా తీసుకోండి. కేస్ షీటులో సమయంతో సహా ప్రతిదీ వ్రాయండి. ఏ పాలసీకైనా అదే ఆధారం.

పాఠకులారా, ఇది మీ క్షేమానికీ సంబంధించినదే. ఇన్సులిన్ మోతాదు మించిందని నర్సు వెంటనే చెబితే గ్లూకోజుతో ప్రాణం నిలుస్తుంది. భయంతో దాచితే ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించేది రోగి మెదడు. పొరపాటును దాచకుండా చెప్పగల ధైర్యాన్ని నర్సుకు కల్పించడం రోగి రక్షణలో భాగమే.